ఎవరూ అనలేని మాట

క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకుల కోస్ ద్వీపంలో ఫిలెటాస్ అనే కవి ఉండేవాడు. తర్వాత రెండో టాలమీగా ఈజిప్టు గద్దెనెక్కిన రాజకుమారుడికి చదువు చెప్పింది ఆయనే. ఎంత బక్కపలచని మనిషంటే, గాలికి కొట్టుకుపోకుండా చెప్పులకు సీసం బిగించుకునేవాడని తర్వాతి తరాలవాళ్లు చెప్పుకున్నారు. సీసం సంగతి వేళాకోళమే అయ్యుంటుంది. కానీ ఆయన అంతగా చిక్కి శల్యమై పోవడానికి వాళ్లు చెప్పిన కారణం మాత్రం వినదగ్గది. ఆయన్ని తిన్నది రోగం కాదట, దిగులూ కాదట, ఒక చిక్కుప్రశ్నట. దాన్ని తలచుకుంటూ నిద్ర మానేసి, తిండి మానేసి పోయాడని ఎథెనేయస్ రాశాడు. ఆయన సమాధి మీద కూడా ఆ ప్రశ్నే తన ప్రాణం తీసిందని రాసి ఉందట.

ఆ ప్రశ్న పేరు 'అబద్ధాలకోరు'. దాన్ని లోకం మీదికి వదిలినవాడు మిలేటస్ నగరానికి చెందిన యూబులిడీస్. అంతకు చాలా ముందే క్రీట్ ద్వీపవాసి ఎపిమెనిడీస్ "క్రీటువాళ్లంతా అబద్ధాలకోరులే" అన్నాడని ప్రతీతి. అది వినగానే ముడిపడినట్టుంటుంది గానీ, నిజానికి అందులో ముడి లేదు. క్రీటులో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి నిజం చెప్పి ఉంటారు, కాబట్టి ఆయన మాట వట్టి అబద్ధం, అంతటితో సరి. యూబులిడీస్ అలా తప్పించుకునే సందు లేకుండా చేశాడు. ఒక మనిషి వచ్చి "నేనిప్పుడు చెబుతున్నది అబద్ధం" అంటాడు. అది నిజమైతే అబద్ధమవుతుంది. అబద్ధమైతే నిజమై కూర్చుంటుంది. ఎటు తిప్పినా మొదటికే వస్తాం. దీని మీద క్రిసిప్పస్ అనే తాత్వికుడు పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు. మధ్యయుగపు ఐరోపాలో ఇలాంటివాటికి 'తెగనివి' అని పేరుపెట్టి విద్యార్థుల చేత వాదనలు చేయించారు. రెండు వేల ఏళ్లు గడిచినా ముడి ముడిగానే ఉంది.

ఆ ముడి 1901లో బెర్ట్రాండ్ రసెల్ ఇంటి తలుపు తట్టింది, కాకపోతే వేరే వేషంలో. గణితాన్నంతా తర్కం పునాది మీద కట్టాలని ఆయన సంకల్పం. ఆ పునాదిలోనే, తన గురించి తానే చెప్పుకుని తలకిందులయ్యే ఒక సమితి బయటపడింది. చూస్తే అది యూబులిడీస్ ముడికి చుట్టమే. ఇంత చిన్నదాని మీద తనలాంటివాడు కాలం వెచ్చించాలా అని మొదట్లో రసెల్‌కు చిన్నతనంగా కూడా అనిపించింది. కానీ 1903, 1904 వేసవుల్లో పొద్దున్నే తెల్లకాగితం ముందు కూర్చునేవాడు, మధ్యాహ్నం భోజనానికి లేచి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. చాలా సాయంత్రాలు కాగితం తెల్లగానే ఉండిపోయేదని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. సీసపు చెప్పుల కవిని చూసి మనం నవ్వనక్కర్లేదు.

ఇక్కడ కాలం ఒక చమత్కారం చేసింది. 1906లో ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒకడు ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మరొకడు అమెరికాలో బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో. మొదటివాడు కర్ట్ గోడెల్, రెండోవాడు నెల్సన్ గుడ్‌మన్. ఇద్దరికీ పాతికేళ్లు నిండే ఏడాదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఇద్దరూ ఆ పాత ముడిని కొత్త పనికి వాడి అచ్చులోకి తెచ్చారు.

గోడెల్ చేసిన మార్పు ఒక్క మాటలోనే ఉంది. 'ఈ వాక్యం అబద్ధం' అన్నచోట 'ఈ వాక్యాన్ని నిరూపించలేం' అన్నాడు, అదీ అంకెల భాషలో. నిరూపించగలిగితే అబద్ధాన్ని నిరూపించినట్టవుతుంది. నిరూపించలేకపోతే అది చెప్పింది అక్షరాలా నిజం. అంటే నిజమై ఉండి కూడా నిరూపణకు అందనివి గణితంలో ఉన్నాయన్నమాట. 1930 ఆగస్టులో వియన్నాలోని ఒక కాఫీ హోటల్లో ఈ సంగతిని ఆయన ముందుగా చెప్పింది రుడాల్ఫ్ కార్నాప్ అనే తాత్వికుడికి. ఆ కార్నాప్ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ తగులుతాడు.

గుడ్‌మన్ దారి వేరు. అప్పటికి ఆయన హార్వర్డ్‌లో పరిశోధన చేసుకుంటూ, బోస్టన్‌లో చిత్రకళా గ్యాలరీ నడుపుకుంటున్నాడు. 1931 జూన్‌లో 'బోస్టన్ పోస్ట్' దినపత్రికలో పేరు లేకుండా ఒక పజిల్ వేయించాడు. ఒక దేశంలో రెండే రకాల మనుషులు. దొరలు ఎప్పుడూ నిజమే చెబుతారు, వేటగాళ్లు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. అక్కడి ముగ్గురు ఒకచోట కలిశారు. మొదటివాడు తాను దొరననో వేటగాణ్ణనో ఏదో ఒకటి అన్నాడు, ఏమన్నాడో మనకు తెలియదు. రెండోవాడు "వాడు 'నేను వేటగాణ్ణి' అన్నాడు" అని చెప్పి, "ఆ మూడోవాడు కూడా వేటగాడే" అన్నాడు. మూడోవాడు మాత్రం "మొదటివాడు దొర" అన్నాడు. ఎవరు ఎవరు?

మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా కాగితం తీసుకుని గళ్లు గీస్తారు. మొదటివాడు దొర అనుకుందాం, కాదు వేటగాడు అనుకుందాం అంటూ ఎనిమిది అమరికలు రాసుకుంటారు. అదీ పనిచేస్తుంది. కానీ తాళంచెవి వేరేచోట ఉంది. ఆ దేశంలో ఎవరి నోటి వెంటా రాని మాట ఒకటుంది: "నేను వేటగాణ్ణి". దొర అంటే అబద్ధమవుతుంది, దొర అబద్ధమాడడు. వేటగాడు అంటే నిజమవుతుంది, వేటగాడు నిజమాడడు. కాబట్టి మొదటివాడు ఆ మాట అనే ప్రసక్తే లేదు, రెండోవాడు బొంకాడు. వాడు వేటగాడు. వాడి రెండో మాట కూడా బొంకే గనక మూడోవాడు దొర. దొర చెప్పాడు గనక మొదటివాడూ దొరే. వినిపించని మాటే అంతా విప్పేసింది.

యూబులిడీస్ వాక్యం మనిషికి పిచ్చెక్కిస్తుంది. గుడ్‌మన్ దానికి ఒక ఊరినీ, ఆ ఊరికి కట్టుబాటునూ ఇచ్చాడు. దాంతో ఆ వాక్యం ఊళ్లో అడుగుపెట్టలేని మాటగా మారి, అడుగుపెట్టలేకపోవడమే ఆధారమైంది. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో మలుపంటే ఇదే. పేరు కూడా వేసుకోకుండా దినపత్రిక పజిల్ శీర్షికలో వచ్చింది కాబట్టి దీన్నెవరూ ఆవిష్కరణ అనలేదు.

ఆ పజిల్ చేతులు మారింది, పేర్లు మారాయి, ద్వీపాలు మారాయి. వాటిలో బాగా నలిగినది దారి చీలిక దగ్గర నిలబడిన మనిషి కథ. వాడు నిజాలవాడో అబద్ధాలవాడో మనకు తెలియదు. ఒక్క ప్రశ్నతో ఊరికి పోయే దారి తెలుసుకోవాలి. "ఇది ఊరికి పోతుందా?" అని నేరుగా అడిగితే లాభం లేదు. "నువ్వు నిజం చెప్పేవాడివేనా?" అంటే ఇద్దరూ ఔననే అంటారు, పైగా ఉన్న ఒక్క ప్రశ్నా అయిపోతుంది. దీన్ని విప్పిన ఉపాయం ప్రశ్నలో ప్రశ్న పెట్టడం: "'ఈ దారి ఊరికి పోతుందా' అని నిన్ను అడిగితే ఔనంటావా?" నిజాలవాడితో పేచీ లేదు. అబద్ధాలవాడు, దారి సరైనదైతే, నేరుగా అడిగినప్పుడు కాదనేవాడు. ఇప్పుడు ఆ కాదనడం గురించి కూడా బొంకాలి కాబట్టి ఔనంటాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనమైనట్టు, బొంకు మీద బొంకు పడి నిజం తేలుతుంది. ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాడు హరిశ్చంద్రుడంత నమ్మకస్తుడన్నమాట, అడిగే తీరు తెలిస్తే.

ఈ చిన్న ద్వీపాన్ని పెద్ద రాజ్యం చేసినవాడు రేమండ్ స్మల్లియన్. 1919లో న్యూయార్క్ శివారు ఫార్ రాకవేలో పుట్టాడు. 1925 ఏప్రిల్ 1న, ఇంకా ఆరేళ్లు నిండకముందే, జ్వరంతో మంచం మీద ఉన్నాడు. పదేళ్లు పెద్దవాడైన అన్న ఎమిల్ పొద్దున్నే గదిలోకొచ్చి, నిన్నెవరూ ఎప్పుడూ చేయనంతగా ఈరోజు ఏప్రిల్ ఫూల్ చేస్తానని చెప్పిపోయాడు. పిల్లవాడు రోజంతా కాచుకున్నాడు. ఏమీ జరగలేదు. రాత్రి పొద్దుపోయినా నిద్రపోకపోయేసరికి, వాళ్లమ్మ పెద్దవాణ్ణి పిలిచి తమ్ముడి సంగతేదో తేల్చమంది. నేనేదో చేస్తానని ఎదురుచూశావు కదా, చేయలేదు కదా, అదే ఫూల్ చేయడమంటే, అన్నాడు ఎమిల్. దీపాలు ఆర్పాక పిల్లవాడికి అసలు కష్టం మొదలైంది. తాను మోసపోయాడా లేదా? మోసపోకపోతే, అనుకున్నది జరగలేదు కాబట్టి మోసపోయినట్టు. మోసపోతే, అనుకున్నదే జరిగింది కాబట్టి మోసమెక్కడ? ఫిలెటాస్ రాత్రుల్లో ఒకటి ఫార్ రాకవేకు వచ్చిందనిపిస్తుంది.

ఆ పిల్లవాడు పెద్దయిన తీరు కూడా తిన్నగా సాగలేదు. హైస్కూలు మధ్యలో మానేశాడు, తనకు కావలసిన గణితం తానే చదువుకున్నాడు. పియానో విద్వాంసుడు కావాలనుకుంటే కుడిచేతి నొప్పి అడ్డుపడింది. పొట్టకూటికి షికాగో నైట్‌క్లబ్బుల్లో బల్లల మధ్య తిరుగుతూ గారడీ చేశాడు. అక్కడ ఆయన పేరు 'ఫైవ్ ఏస్ మెరిల్', అంటే అయిదు ఆసుల మెరిల్. దస్తాలో ఆసులు నాలుగే ఉంటాయని పేకాట చూసినవాళ్లందరికీ తెలుసు. షికాగో విశ్వవిద్యాలయంలో ఆయనకు పాఠం చెప్పినవాళ్లలో, ఇందాక వియన్నా కాఫీ హోటల్లో కూర్చున్న కార్నాప్ ఉన్నాడు. ఆయన సిఫారసుతో డిగ్రీ చేతికి రాకముందే డార్ట్‌మత్ కళాశాలలో లెక్చరర్ అయ్యాడు. డిగ్రీకి ఒక కాల్‌క్యులస్ కోర్సు తక్కువైతే, ఆ కోర్సును ఆయన పాఠంగా చెబుతున్నాడు కాబట్టి చదివినట్టే లెక్కకట్టి 1955లో పట్టా ఇచ్చారు. నాలుగేళ్లకు ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ దగ్గర డాక్టరేట్. అప్పటికి నలభయ్యో ఏట ఉన్నాడు.

1978లో ఆయన పుస్తకం వచ్చింది. దాని పేరు 'ఈ పుస్తకం పేరేమిటి?'. పేరడిగితే జవాబు కూడా ప్రశ్నే. అందులో గుడ్‌మన్ దొరలూ వేటగాళ్లూ నైట్లూ నేవ్‌లూ అయ్యారు, అంటే మాట తప్పని వీరులూ దగాకోరులూ. ముందు పసిపిల్లలకు చెప్పినట్టు మొదలుపెడతాడు. ద్వీపవాసి ఒకడు తననూ పక్కవాణ్ణీ చూపించి "మా ఇద్దరిలో ఒకడైనా దగాకోరే" అంటాడు. వాడే దగాకోరైతే ఆ మాట నిజమైపోతుంది, దగాకోరు నోట నిజం రాదు. కాబట్టి వాడు వీరుడు, పక్కవాడు దగాకోరు. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా ఎక్కిస్తాడు. ఒకప్పుడు నిజం, ఒకప్పుడు అబద్ధం చెప్పే మామూలు మనుషులొస్తారు. 'బాల్', 'డా' అనే మాటల్లో ఏది ఔనో ఏది కాదో తెలియని జాంబీల ద్వీపమొస్తుంది. పుస్తకం చివరికొచ్చేసరికి పాఠకుడు తనకు తెలియకుండానే గోడెల్ సిద్ధాంతం గుమ్మంలో నిలబడి ఉంటాడు.

గుమ్మం దాటించడానికి స్మల్లియన్ చెప్పే కథ ఇలా ఉంటుంది. తప్పుడు నిరూపణ ఎన్నడూ చేయని తర్కశాస్త్రజ్ఞుడొకడు ద్వీపానికి వెళ్తాడు. ఒకడు ఎదురై "నేను వీరుణ్ణని నువ్వెప్పటికీ నిరూపించలేవు" అంటాడు. వాడు దగాకోరైతే ఆ మాట అబద్ధం, అంటే వాడు వీరుడని ఈయన నిరూపించగలడు. కానీ దగాకోరును వీరుడని నిరూపిస్తే అది తప్పుడు నిరూపణ, అలాంటిది ఈయన చేయడు కదా. కాబట్టి వాడు వీరుడే. వీరుడు కాబట్టి వాడి మాట నిజం, ఈయన దాన్ని ఎప్పటికీ నిరూపించలేడు. పక్కన నిలబడి చూస్తున్న మనకు తెలిసిపోయిన సంగతి, ఎదురుగా ఉన్న ఆయనకు అందదు. 1931లో విడివిడిగా బయల్దేరిన రెండు దారులు ఇక్కడ కలిశాయి.

మామూలు మనుషుల దగ్గరే అసలు తలనొప్పి ఉంది. ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాడితో ఎలాగో నెగ్గుకొస్తాం, ఎప్పుడేం చెబుతాడో తెలియనివాడితో ఎలా? ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ జార్జ్ బూలోస్ 1992లో ఇటలీ పత్రిక 'లా రిపబ్లికా'లోనూ, 1996లో 'హార్వర్డ్ రివ్యూ ఆఫ్ ఫిలాసఫీ'లోనూ ఒక పజిల్ వేసి, పుట్టినవాటన్నిటిలో ఇదే కఠినమైందన్నాడు. మూలం స్మల్లియన్‌దన్నాడు. అందులో భాష తెలియని చిక్కు జోడించినవాడు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ అనే రంగానికి ఆ పేరు పెట్టిన మెకార్తీయే.

ముగ్గురు దేవుళ్లు. మన సౌకర్యం కోసం వాళ్లను నిజం, అబద్ధం, తిక్క అందాం. ఎవరు ఎవరో తెలియదు. తిక్క ఎలా పలుకుతాడన్నది వాడి బుర్రలో ఎగిరే నాణెం చెబుతుంది. మన ప్రశ్నలు వాళ్లకు అర్థమవుతాయి గానీ జవాబు మాత్రం వాళ్ల భాషలో 'డా' అనో 'జా' అనో వస్తుంది. వాటిలో ఔనేదో కాదేదో తెలియదు. ఔను-కాదు ప్రశ్నలు మూడే అడిగి ముగ్గుర్నీ గుర్తుపట్టాలి.

ఎవరైనా మొదట చేసే పొరపాటు, ముందుగా డా అంటే ఏమిటో కనుక్కుందామని ఒక ప్రశ్న ఖర్చుపెట్టడం. ఆ జవాబిచ్చినవాడు తిక్క అయితే ప్రశ్న గాలికి పోయినట్టే. బూలోస్ ఇక్కడ పేకముక్కలతో దారి చూపించాడు. రెండు ఆసులు, ఒక జాకీ బోర్లించి ఉన్నాయి. నువ్వొక ముక్కను చూపించి ఒక ప్రశ్న అడగాలి. అది ఆసైతే ఎదుటివాడు నిజం చెబుతాడు, జాకీ అయితే నోటికొచ్చింది చెబుతాడు. ఒక ఆసును పట్టుకోవాలి. మధ్యముక్క మీద వేలు పెట్టి "ఎడమది ఆసేనా?" అని అడగాలి. ఔనంటే ఎడమది, కాదంటే కుడిది తీసుకోవాలి. మధ్యది ఆసైతే జవాబు నిజం. మధ్యది జాకీ అయితే రెండు పక్కలా ఉన్నవి ఆసులే, ఏది తీసినా నష్టం లేదు. తిక్కవాణ్ణి అర్థం చేసుకోవాలని చూడకుండా, వాడి పక్కనుంచి జారుకోవడమే ఉపాయం.

దేవుళ్ల దగ్గరా అదే ఎత్తు. బూలోస్ రాసుకున్న మొదటి ప్రశ్న 'అయితేనే' మీద 'అయితేనే' పడి నోరు తిరగకుండా ఉంటుంది. 2001లో టిమ్ రాబర్ట్స్ దాన్ని దారిచీలిక ప్రశ్న సాయంతో తేలిక చేశాడు. "నిన్ను ఫలానాది అడిగితే 'జా' అంటావా?" అని అడిగితే, జా అంటే ఔనైనా కాదైనా, చెప్పేవాడు నిజమైనా అబద్ధమైనా, జా వచ్చిందంటే ఫలానాది నిజమే. నమ్మకపోతే నాలుగు రకాలూ వేసి చూసుకోండి. ఇప్పుడు మధ్యదేవుణ్ణి "నిన్ను 'ఎడమవాడు తిక్కా?' అని అడిగితే జా అంటావా?" అనాలి. జా వస్తే కుడివాడు తిక్క కాదు, డా వస్తే ఎడమవాడు తిక్క కాదు. ఆ తిక్క కానివాణ్ణి పట్టుకుని మిగతా రెండు ప్రశ్నలతో అందర్నీ తేల్చెయ్యొచ్చు. ముగ్గురు దేవుళ్లు ఆరు రకాలుగా నిలబడగలరు, రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల జతలు నాలుగే. కాబట్టి మూడుకు తక్కువలో కుదరదని అందరూ స్థిరపడ్డారు. బూలోస్ 1996 మే నెలలోనే, యాభై ఆరేళ్లు నిండకుండానే, కేన్సర్‌తో కన్నుమూశాడు.

పన్నెండేళ్ల తర్వాత బ్రయాన్ రాబర్న్, లాండన్ రాబర్న్ అనే ఇద్దరు ఆ నాణెం దగ్గర ఆగారు. బూలోస్ రాసినదాని ప్రకారం నాణెం తేల్చేది తిక్క నిజం చెప్పాలా అబద్ధం చెప్పాలా అని. డా అనాలా జా అనాలా అని కాదు. అలాగైతే ఆ క్షణానికి తిక్క కూడా నిజాలవాడో అబద్ధాలవాడో అయిపోతాడు, ప్రశ్నలో ప్రశ్న వాణ్ణీ దారికి తెచ్చేస్తుంది. అందరూ భయపడిన తిక్క ఇన్నాళ్లూ కోరల్లేని పామేనన్నమాట. నాణెం గురించి బూలోస్ రాసిన ఆ వాక్యం ఎంతోమంది చదివినదే.

రాబర్న్‌లు అంతటితో ఆగలేదు. ఇక్కడే వాళ్లకు యూబులిడీస్ గుర్తొచ్చాడు. ఒక దేవుణ్ణి "ఈ ప్రశ్నకు మీ భాషలో 'కాదు' అనే మాటతోనే జవాబిస్తావా?" అని అడిగితే? నిజం ఔనన్నా అబద్ధమే అవుతుంది, కాదన్నా అబద్ధమే అవుతుంది. నోరు విప్పే మార్గం లేదు. అబద్ధానికి మాత్రం ఏం చెప్పినా చెల్లుతుంది. జవాబు చెప్పలేని దేవుడి తల పేలిపోతుందని రాబర్న్‌లు సరదాగా రాశారు. 'చందమామ' బేతాళ కథలతో పెరిగిన మనకు తలపేలడం కొత్త కాదు, కాకపోతే అక్కడ తెలిసీ చెప్పనివాడికి ఆ ప్రమాదం, ఇక్కడ చెప్పడానికి వీల్లేనివాడికి. డా, జా, మౌనం అని ఇప్పుడు జవాబులు మూడు. రెండు ప్రశ్నలకు తొమ్మిది జతలు. ఆరు అమరికలకు తొమ్మిది జతలు చాలు, రెండే ప్రశ్నలతో ముగ్గుర్నీ తేల్చి చూపించారు. ఎవరూ అనలేని మాట గుడ్‌మన్ దగ్గర ఆధారమైతే, ఇక్కడ ఏకంగా జవాబే అయింది.

2010లో గాబ్రియేల్ ఉస్కియానో, తిక్కకు కోరలు తిరిగొచ్చి నోటికొచ్చిన డా-జాలే అన్నా రెండు ప్రశ్నలు చాలని చూపించి, ఆపైన పజిల్‌ను ఇంకో మెలిక తిప్పాడు. తిక్కకు కూడా తోచినప్పుడు నోరు మూసుకునే హక్కు ఇచ్చాడు. మౌనం వినిపిస్తే ఇక అది చెప్పలేనివాడిదో, చెప్పబుద్ధి కానివాడిదో తెలియదు. 2012లో గ్రెగరీ వీలర్, పెడ్రో బరహోనా ఈ కొత్త పజిల్‌కు రెండు ప్రశ్నలు చాలవనీ, మూడు తప్పవనీ నిరూపించారు. ఆ వ్యాసం చివర, ఆనవాయితీ తప్పకూడదని, తమ పజిల్ కూడా ఒకటి పెట్టారు. అందులో తిక్క లేడు. వాడి చోట నిలబడ్డ కొత్త దేవుడి పేరు జిత్తులమారి.